పట్టేసిన కాళ్లకు మాత్ర మందు కాదు

సంక్రాంతికీ ఉగాదికీ ఊళ్లలో జరిగే కబడ్డీ పోటీల చుట్టూ ఈమధ్య ఒక మాట శాస్త్రవాక్యంలా చలామణి అవుతోంది. ముందురోజు మ్యాచ్‌లతో తొడలూ పిక్కలూ పట్టేసిన ఆటగాడికి ఆటకు గంట ముందు ఒక నొప్పి మాత్ర వేసి, బరి పక్కన స్ప్రే కొట్టి, కాళ్లు పట్టి నాలుగుసార్లు సాగదీస్తే అతడు మళ్లీ మామూలు మనిషి అవుతాడన్నది ఆ మాట. టీవీలో పెద్ద లీగులు చూసి నేర్చిన ఈ తంతు బడిపిల్లల జట్లదాకా పాకింది. పదిహేనేళ్ల పిల్లవాడి చేతిలో మాత్ర పెట్టి, అతడి మేలు కోరే ఆ పని చేశామని పెద్దలు మనస్ఫూర్తిగా నమ్మడం ఇందులో అన్నిటికన్నా బాధాకరమైన సంగతి.

ఈ తంతుకు ఆధారంగా చెప్పే వివరణే తప్పు. శ్రమ వల్ల కండరంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోతుందని, మర్నాటి నొప్పికి అదే కారణమని, దాన్ని ఎలాగైనా కదిలించి బయటికి పంపాలని శిక్షకులు తరతరాలుగా చెబుతున్నారు. శాస్త్రవేత్తలు ఆర్చిబాల్డ్ హిల్, ఓటో మేయర్‌హోఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి తెచ్చిన పరిశోధన కండరంలో వేడి పుట్టడం గురించి, లాక్టిక్ ఆమ్లపు మార్పుల గురించి చెప్పిందే తప్ప మర్నాటి నొప్పి గురించి కాదు. తీవ్రమైన శ్రమ తర్వాత కూడా ఆ పదార్థం సుమారు గంటలో రక్తంలో మామూలు స్థాయికి దిగిపోతుంది. నొప్పి మాత్రం 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. గంటలో పోయిన పదార్థం రెండో రోజు తొడను ఎలా నొప్పి పెడుతుందో ఈ వాదం చేసేవారు ఒక్కరూ చెప్పరు. కండరంలోని సూక్ష్మ తంతువులు చిట్లడమే ఈ నొప్పికి మూలమని అమెరికా శాస్త్రవేత్త థియోడర్ హఫ్ 1902లోనే సూచించాడు. చదునైన దారిలో పరుగెత్తినవారికి లాక్టిక్ ఆమ్లం పెరిగినా మర్నాడు చెప్పుకోదగ్గ నొప్పి లేదని, వాలులో దిగువకు పరుగెత్తినవారికి ఆమ్లం పెరగకపోయినా నొప్పి వచ్చిందని 1983లో వెలువడిన ప్రయోగం చూపింది.

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కి, తిరిగి నడిచే దిగిన భక్తులకు ఈ తేడా అనుభవంలోనే ఉంటుంది. ఎక్కేటప్పుడు రొప్పు వస్తుంది, దిగేటప్పుడు రాదు, అయినా మర్నాడు తొడల నొప్పితో కూర్చోనివ్వకుండా చేసేది ఎక్కువగా ఆ దిగడమే. ఎందుకంటే దిగేటప్పుడు తొడ ముందు కండరం బరువును ఆపుతూనే పొడవు సాగవలసి వస్తుంది, తంతువులు దెబ్బతినేది ముఖ్యంగా అలాంటి పనిలోనే. కబడ్డీలో మోకాళ్లు వంచి కదలడం, పరుగులో ఒక్కసారిగా ఆగి దిశ మార్చడం, పట్టు తప్పించుకుంటూ వెనక్కి తగ్గడం అన్నీ ఈ కోవకు చెందిన పనులే.

సాగదీత గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. దానివల్ల తగ్గే నొప్పి వంద పాయింట్ల కొలమానంపై అర పాయింటు, ఒక పాయింటు మాత్రమేనని అందుబాటులోని ప్రయోగాలన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2011లో తేల్చింది. పైగా కాలిని నిమిషానికి మించి ఒకే భంగిమలో సాగదీసి ఉంచితే, ఆ వెంటనే ఉరకవలసిన కండరానికి బలం కొంత తగ్గుతుంది. స్ప్రేలోని మెంథాల్ విషయం ఇంకా చిన్నది: చర్మంలో చలిని గుర్తించే నాడులను అది రెచ్చగొట్టి చల్లదనమనే భావన కలిగిస్తుంది, లోపలి కండరాన్ని బాగుచేయదు.

మాత్ర సంగతి వేరు, అది భావనతో ఆగదు. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని అడ్డుకుని నొప్పిని తగ్గిస్తాయి. అవే రసాయనాలు కడుపు లోపలి పొరను కాపాడతాయి, ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తప్రవాహం పడిపోకుండా చూస్తాయి. చెమట ధారలు కట్టే ఆటకు ముందు, సరిగా తినని కడుపుతో, నీళ్లు చాలని ఒంటితో ఈ మాత్ర వేయడమంటే మూత్రపిండాలకు ఆ రక్షణ అత్యవసరమైన గంటలోనే దాన్ని తీసివేయడం. డైక్లోఫెనాక్ మన దేశంలో షెడ్యూల్ హెచ్ మందు, అంటే వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడనిది. అయినా పోటీలు జరిగే ఊళ్లో ఏ మందుల దుకాణంలో అడిగినా స్ట్రిప్ చింపి ఇస్తారు. ఈ మందు వాడిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి దేశమంతటా లక్షల్లో నశించాయి, పశువైద్యంలో దాని వాడకాన్ని ప్రభుత్వం 2006లో ఆపించింది. రాబందు వేరు, మనిషి వేరు, నిజమే. కానీ పశువుల విషయంలో అంత చర్చ జరిగిన మందును ఒకరి చేతినుంచి మరొకరు అందుకుని మింగుతుంటే అడిగేవారు లేకపోవడం సహించరానిది. 2010 ప్రపంచకప్ ఫుట్‌బాల్‌లో 39 శాతం ఆటగాళ్లు ప్రతి మ్యాచ్‌కు ముందు నొప్పి మందు తీసుకున్నారని ఫిఫా వైద్యులే బయటపెట్టారు. దాన్ని వారు ప్రమాదకరమైన దుర్వినియోగంగా చెబితే, ఇక్కడ దానినే పెద్ద ఆటగాళ్ల అలవాటని చూపించి పిల్లలకు నేర్పుతున్నారు.

అన్నిటికీ మించి, నొప్పి తగ్గినంత మాత్రాన బలం తిరిగి రాదు. దెబ్బతిన్న కండరం కొన్ని రోజులపాటు బలహీనంగానే ఉంటుంది, కాలు ఏ భంగిమలో ఉందో పసిగట్టే శక్తి కూడా మందగిస్తుంది. నొప్పి ఉన్నవాడు జాగ్రత్తగా అడుగు వేస్తాడు. అది తెలియనివాడు అదే బలహీనమైన కాలిపై పూర్తి వేగంతో మలుపు తిరుగుతాడు, ఆ భారాన్ని మోకాలు మోయవలసి వస్తుంది.

ఆటకు ముందు ఈ నొప్పిని నిజంగా కొంత తగ్గించేది తేలికైన కదలిక. నడకతో మొదలుపెట్టి, నెమ్మది పరుగు, సగం గుంజీలు, పక్కకు అడుగులు, చివరికి ఆటలోని వేగం, ఇలా 15, 20 నిమిషాలు క్రమంగా పెంచుకుంటూ పోతే బిగువు సడలుతుంది, ఆ ఉపశమనం తాత్కాలికమే అయినా. తేలికపాటి మాలిష్‌కూ అభ్యంతరం లేదు. అసలు నివారణ సాధనలో ఉంది: ఒకసారి కొద్దిగా అలవాటైన శ్రమకు కండరం తర్వాతి వారాల్లో అంతగా నొచ్చుకోదు, కాబట్టి భారాన్ని మెల్లగా పెంచాలి. కదిలినా సడలని నొప్పి, ఒకేచోట పొడిచే నొప్పి, ఒక్క పిక్కే వాయడం, మూత్రం డికాషన్ రంగులో రావడం వంటివి కనిపిస్తే ఆట ఆపి వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

ఒకే రోజు ఒకే జట్టు చేత మూడు నాలుగు మ్యాచ్‌లు ఆడించే పోటీల నిర్వాహకులు ముందు ఆ పద్ధతి మానాలి. ప్రతి మ్యాచ్‌కు ముందు రెండు జట్లకూ 20 నిమిషాలు మైదానం వదలాలి, ప్రథమ చికిత్స పెట్టెలోంచి నొప్పి మాత్రలు తీసివేయాలి, కాళ్లు సడలని పిల్లవాడిని ఆ పూటకు కూర్చోబెట్టే అధికారం శిక్షకుడికి ఇవ్వాలి.