పత్రిక ఎవరిది? పైసా ఎవరిది?

అమెరికా ఆడవాళ్లు ఓటు కోసం కొట్లాడిన కథ చెప్పేటప్పుడు సూసన్ ఆంథొనీ, ఎలిజబెత్ స్టాంటన్ పేర్లు ముందు చెప్తారు. చెప్పాల్సిందే. కానీ వాళ్లు నడిపిన పత్రిక కథ కూడా తెలుసుకోవాలె. సొంత పత్రిక పెట్టుకోవాలనుకునే ప్రతి పేద జనానికీ అందులో పాఠముంది.

ఆ పత్రిక పేరు 'ది రెవల్యూషన్', అంటే విప్లవం. 1868 జనవరి 8న న్యూయార్కులో మొదలైన వారపత్రిక. ఆడవాళ్లకు ఓటు కావాలంది. ఆడకూలీకి మగకూలీతో సమానంగా కూలి ఇయ్యాలంది. అంతవరకు శెభాష్. మరి డబ్బెవరిది? జార్జి ఫ్రాన్సిస్ ట్రైన్ అనే శ్రీమంతుడిది. ఆయన ఆడవాళ్ల ఓటుకు జై అంటాడు, నల్లజాతిని నోటికొచ్చినట్టు కించపరుస్తాడు. 1867లో కాన్సాస్ ప్రచార సభల్లో చేసిందీ అదే.

బానిసత్వం రద్దు చేయాలని ఇదే ఆంథొనీ, స్టాంటన్ దాదాపు 4 లక్షల సంతకాలు కూడగట్టారు. అది మరువరాదు. కానీ నల్లజాతి మగవాళ్లకు ఓటిచ్చే 15వ సవరణ వచ్చేసరికి మాట మారింది. ఆడవాళ్లను వదిలేశారన్న కోపం న్యాయమైందే. ఆ కోపం చట్టం చేసిన పెద్దల మీదికి పోవాలె. నిన్నటి బానిస మీదికి పోయింది! చదువురాని నల్లవాడు, వలసొచ్చిన కూలోడు చదువుకున్న స్త్రీలకు చట్టాలు చేస్తారా అని స్టాంటన్ ఆ పత్రికలోనే రాసింది. దక్షిణాదిలో చాలా రాష్ట్రాలు బానిసకు అక్షరం నేర్పడమే నేరమన్నాయి. చదవనియ్యకుండా చేసి, ఆపైన చదువురాదని ఎత్తిపొడిస్తే అదెక్కడి న్యాయం?

'ఆ కాలం అట్లాంటిది, అప్పుడెవరికీ తోచలేదు' అనే పెద్దమనుషులున్నారు. తోచలేదా? 1866లోనే న్యూయార్కు మహిళా హక్కుల సభలో ఫ్రాన్సెస్ హార్పర్ అనే నల్లజాతి కవయిత్రి లేచి నిలబడింది. బండ్లలో తనకు జరిగే అవమానం చెప్పింది. అందరి బతుకులూ ఒకే ముడిలో ఉన్నాయని తెల్ల అక్కల ముఖం మీదే చెప్పింది. తోచినవాళ్లున్నారు, విన్నవాళ్లే తక్కువ. లూసీ స్టోన్ 15వ సవరణను బలపరిచింది. 1870 జనవరిలో బోస్టన్‌లో వాటాలు అమ్మి 'విమెన్స్ జర్నల్' పెట్టింది. ఒక్క దొర జేబు మీద ఆధారపడని ఆ పత్రిక దశాబ్దాలు బతికింది.

'రెవల్యూషన్' ఏమైంది? ట్రైన్ కొద్దికాలానికే చేయి దులుపుకున్నాడు. 10,000 డాలర్ల అప్పు ఆంథొనీ నెత్తిన పడింది. 1870లో పత్రికను ఒక్క డాలరుకు అప్పజెప్పి, ఊరూరా ఉపన్యాసాలిచ్చి ఏండ్ల తరబడి ఆ అప్పు తీర్చింది. ఆమె పట్టుదలకు దండం పెట్టాలె. అప్పయితే తీరింది గాని, అచ్చయిన మాట తీరలేదు.

నల్లజాతి స్త్రీలు ఇంకొకరి పేజీలో జాగా అడుక్కుంటూ కూర్చోలేదు. 1894లో బోస్టన్‌లో జోసెఫిన్ సెయింట్ పియర్ రఫిన్ 'ది విమెన్స్ ఎరా' పెట్టింది. వాళ్ల సంఘాల వార్తలు, వాళ్ల రాతలు, వాళ్ల పేర్లు. 1895లో అదే ఊళ్లో వాళ్ల జాతీయ మహాసభ జరిగింది. పత్రిక మూడేండ్లే నడిచినా సంఘం నిలబడింది. 1920లో చట్టం ఆడవాళ్లకు ఓటిచ్చినా, దక్షిణాది నల్లజాతి స్త్రీలలో చాలామందికి అది చేతికందింది 1965 చట్టం తర్వాతనే. 'ముందు మాది, మీది తర్వాత' అన్నమాటకు ఖరీదు 45 ఏండ్లు.

అందుకే సంఘం పని చేసే అన్నలకు, అక్కలకు చెప్పేదిది. 5 రూపాయల చందా 200 మంది ఇస్తే 200 మందికి జవాబు చెప్పాలె. ఒక్కడే 1,000 ఇస్తే వాడొక్కడికే చెప్పాలె. రెండో సంగతి: పక్కవాని వీపు మీద కాలుపెట్టి అందుకున్న హక్కు సగం హక్కే. మన పత్రికల్లోనూ మన ఆడవాళ్ల పేర్లు ఎన్ని అచ్చవుతున్నాయో లెక్కపెట్టండి. లెక్క తక్కువైతే వచ్చే సంచికలో రాసేది వాళ్లే కావాలె.