ఇంట్లో పులి... షెడ్డులో పిల్లి!

పొద్దున్నే పిల్లల్ని బడి దగ్గర దించాలని బయల్దేరితే కారు కదలదు. తాళం తిప్పితే 'టిక్కు'మని ఒక్క చప్పుడు... అంతే. ఇక తోయాల్సిందేననుకుని, ఆఖరిసారిగా మళ్లీ తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ పదిసార్లు తిప్పినా పదిసార్లూ బుద్ధిగా పలుకుతుంది. 'బండి బాగానే ఉంది కదా సార్' అంటాడు మెకానిక్. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటే ఇదే!

పాత కార్లను నమ్ముకున్న చాలా ఇళ్లలో ఇది మామూలే. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అదే ఏడాది అంబాసిడర్‌కూ తెరపడింది. అంటే ఇప్పటికీ రోడ్డు మీదున్న వాటిలో అన్నిటికన్నా చిన్నదానికి కూడా పదేళ్లు దాటాయి. ఇంజిన్ గట్టిగానే ఉన్నా వైర్లకూ అతుకులకూ ముసలితనం వస్తుంది.

ఇలాంటప్పుడు చాలామంది ముందుగా బ్యాటరీ మార్పిస్తారు. నెల రోజులు కారు బాగా నడుస్తుంది. ఎందుకో తెలుసా? కొత్తది బిగించేటప్పుడు టెర్మినళ్లు గీకి శుభ్రం చేశారు కాబట్టి! తర్వాత మళ్లీ అదే 'టిక్కు'. ఈసారి సెల్ఫ్ మోటారు, ఆపైన డైనమో. వేలకు వేలు ఖర్చయినా జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. వచ్చిపోయే జబ్బుల్లో తప్పు చాలాసార్లు వస్తువులో కాదు, రెండు వస్తువులు కలిసే చోట ఉంటుంది.

తిరుగుదారే కీలకం

ఇంట్లో బల్బుకు కరెంటు వెళ్లడానికి ఒక వైరు, రావడానికి ఒకటి ఉంటాయి. కారులో చాలావాటికి వెళ్లే వైరే ఉంటుంది. వచ్చే దారి కారు బాడీయే! దీన్నే మెకానిక్‌లు 'ఎర్త్' అంటారు. బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్‌తో, బాడీతో కలిపేవి కొన్ని పట్టీలూ నట్లూ. వాటి కింద తుప్పు పట్టినా, చిలుము చేరినా, నట్టు కాస్త వదులైనా దారి ఇరుకవుతుంది. పూర్తిగా మూసుకుపోతే వెంటనే దొరికిపోయేది. కానీ లోహం వేడికి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది, గతుకుల్లో అదురుతుంది. ఆ కదలికల్లో అతుకు ఒకసారి కలుస్తుంది, ఒకసారి వీడుతుంది.

చిన్న లెక్క చూడండి. టెర్మినల్ దగ్గర చిలుము వల్ల 0.03 ఓముల అడ్డంకి ఏర్పడిందనుకుందాం. హెడ్‌లైట్లకు సుమారు 10 ఆంపియర్లు చాలు కాబట్టి అక్కడ పోయేది 0.3 వోల్టు. కంటికి తేడా తెలియదు. కానీ సెల్ఫ్ తిరగడానికి 100 ఆంపియర్లు కావాలంటే 3 వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి. అందుకే 'లైట్లు బాగానే వెలుగుతున్నాయి, అంటే బ్యాటరీ వైపు తప్పు లేదు' అనుకోవడానికి వీల్లేదు.

చీటీ రాసి పెట్టుకోండి

రోగి లక్షణాలు చెప్పకపోతే డాక్టరైనా ఏం చేస్తాడు? కారుదీ అంతే. తంటా వచ్చిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి. ఇంజిన్ చల్లగా ఉందా, వేడిగానా? వాన పడిందా? గతుకుల్లో వచ్చిందా? అప్పుడు ఇంకేవి ఆన్‌లో ఉన్నాయి? వీలైతే పక్కనున్నవారు ఫోన్లో వీడియో తీస్తే మరీ మంచిది.

గతుకుల్లో వస్తే లూజ్ కాంటాక్టును అనుమానించాలి. వానలోనే వస్తే కనెక్టర్లలోకీ, పెట్రోలు కార్లయితే ప్లగ్ వైర్లలోకీ చెమ్మ చేరుతోందేమో చూడాలి. బాగా వేడెక్కాకే వస్తే రిలే, ఇగ్నిషన్ కాయిల్ పరీక్షించాలి. ఒక్క లైటే ఆరిపోతుంటే దాని హోల్డరు, స్విచ్చి చూస్తే సరిపోతుంది. సంబంధం లేని రెండు మూడు ఒకేసారి ఆగిపోతుంటే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఫ్యూజో, ఎర్తో, ఇగ్నిషన్ స్విచ్చో వెతకాలి. బ్రేకు తొక్కితే వెనక ఇండికేటర్ కూడా మసకగా వెలుగుతోందా? ఆ లైట్ల ఎర్త్ పాడైందని గట్టిగా అనుమానించవచ్చు.

మీటరు ఏం చెబుతుంది?

మామూలు డిజిటల్ మల్టీమీటరు ఒకటి ఉంటే చాలు. రాత్రంతా ఆగి ఉన్న కారులో, పొద్దున్నే తాళం తిప్పకముందు బ్యాటరీని చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12కు దిగితే చాలావరకు ఖాళీ అయినట్టే. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 దాకా ఉంటే చార్జింగు సవ్యంగా ఉన్నట్టు.

అసలు పరీక్ష దీని తర్వాత. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక వైరు బ్యాటరీ మైనస్ బుడిపెకు (క్లాంపుకు కాదు), రెండోది ఇంజిన్ మీద శుభ్రంగా ఉన్న లోహానికి ఆనించండి. ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. ఆ క్షణంలో 0.3 వోల్టుకు మించి చూపిస్తే తిరుగుదారిలో అడ్డంకి ఉన్నట్టే. కరెంటు పారుతున్నప్పుడే ఇది బయటపడుతుంది. బండి ఆపి ఓములు కొలిస్తే, పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలిన వైరు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. ఈ పరీక్షకు ముందు గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేకు వేయండి. చేతులు, చున్నీలు, పైట చెంగులు ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉండాలి.

లైట్లు ఆరిపోయే తంటా అయితే వాటిని వెలిగించి, వైర్ల కట్టను బోనెట్ నుంచి డాష్‌బోర్డు దాకా జానెడు జానెడు చొప్పున నెమ్మదిగా కదుపుతూ రండి. ఎక్కడ మినుకుమంటే అక్కడే దొంగ! తర్వాత్తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమ్, ఫాగ్ ల్యాంపులు, హారన్ల కోసం మెలితిప్పి టేపు చుట్టిన అతుకుల్ని ముందుగా చూడండి.

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి కనిపిస్తే ఇంజిన్ ఆపి, మైనస్ ముందు, ప్లస్ తర్వాత ఊడదీయండి. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్దండి. ఆ నీళ్లు సెల్ మూతల్లోకి దిగకూడదు. తుడిచి ఆరాక ప్లస్ ముందు, మైనస్ తర్వాత బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాయండి. దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి. బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్‌కు చిన్న రవ్వ చాలు.

ఇది మాత్రం వద్దు

ఫ్యూజు మాటిమాటికీ పోతోందని 10 ఆంపియర్ల దాని స్థానంలో 30ది పెట్టేవాళ్లున్నారు. రాగి తీగ చుట్టేవాళ్లూ ఉన్నారు. ఫ్యూజు ఉన్నదే తాను కాలిపోయి వైర్లను కాపాడటానికి. దాన్ని కాలనివ్వకపోతే కాలేది వైర్ల కట్ట. ఆ కట్ట వెళ్లేది మీ పిల్లలు కూర్చునే సీట్ల పక్కనుంచే. అలాగే హెడ్‌లైట్లు ఒక్కసారి ఆరి వెలిగినా, అది బాగయ్యేదాకా రాత్రి ప్రయాణం మానుకోండి. హైవే మీద రెండు సెకన్ల చీకటి చాలా ఎక్కువ.

ఈసారి ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లినప్పుడు 'బ్యాటరీ మార్చు' అనకండి. మీరు రాసిన చీటీ ఇచ్చి, 'ఎర్త్ ఎక్కడెక్కడ ఉందో చూపించు' అనండి. నట్టు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించే పనికి పట్టే సమయం అరగంట. కొత్త బ్యాటరీ కొనే ముందు ఆ అరగంట ఖర్చు పెట్టడం ఇంటి బడ్జెట్‌కు మంచిది.