గాదె ఎందుకు ఖాళీ అయింది?

ఐగుప్తులో యోసేపు కూర్చిన ధాన్యం సంగతి మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. మంచి పంటల ఏడేండ్లలో దాచినదే కరవు ఏడేండ్లలో జనాన్ని బ్రతికించింది. ఆ జాగ్రత్త తప్పితే ఏమవుతుందో ఆఫ్రికాలోని మలావీ దేశాన్ని చూస్తే తెలుస్తుంది.

అక్కడి ప్రజలకు మొక్కజొన్న పిండితో వండే న్సీమాయే తిండి. అది మన సంకటి లాంటిది. 2001లో ప్రభుత్వం అత్యవసరానికి ఉంచిన మొక్కజొన్న నిల్వ దాదాపు మొత్తం అమ్ముడుపోయింది. నిల్వ తగ్గించుకొమ్మని అంతర్జాతీయ ద్రవ్యనిధి సలహా ఇచ్చింది. అంతా అమ్మమని తాము చెప్పలేదని తరువాత వివరణ ఇచ్చుకుంది. ఎవరిది తప్పు అని పెద్దలు వాదించుకున్నారు. ఈలోగా పంట తగ్గింది, ధర పెరిగింది. 2002 తొలి నెలల్లో పేదలు ఆకలితో చనిపోయారు.

2005లో మళ్లీ కరవు వచ్చింది. పంట సుమారు 12 లక్షల టన్నులకు పడిపోయింది. అప్పుడు అధ్యక్షుడు బింగు వా ముతారికా, దాతలు సందేహించినా, చిన్న రైతులకు ఎరువుల రాయితీ కూపన్లు ఇప్పించాడు. వానలూ కలిసివచ్చాయి. 2007 నాటికి పంట 34 లక్షల టన్నులని ప్రభుత్వం ప్రకటించింది. ఆ లెక్కలో అతిశయోక్తి ఉందన్నవారున్నారు. అయినా చేయి చాచిన దేశం ఆ ఏడు జింబాబ్వేకు మొక్కజొన్న అమ్మింది.

కాబట్టి రాయితీ వృథా అని మేము అనము. అయితే కూపను వాన కురిపించదు. అక్కడి సేద్యంలో అధిక భాగం వానమీదే ఆధారపడింది. 2016 కరవులో సుమారు 65 లక్షల మందికి ఆహార సాయం కావలసివచ్చింది. 2024 మార్చిలో 28 జిల్లాలలో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించారు. ఎరువుకు ఏటా ఖర్చయ్యే సొమ్ము చెరువులకు, కాలువలకు మిగలకపోతే ప్రతి ఎండ కాలమూ పరీక్షే.

ఒక్క పంటనే నమ్ముకోవడమూ ప్రమాదమే. కాని వేరే పంట వేసిన రైతుకు కొనేవాడు కావాలి. మలావీ కందులు మన దేశానికీ వస్తాయి. 2017లో మన ప్రభుత్వం దిగుమతులకు పరిమితి పెట్టగా అక్కడి రైతు ధర లేక నష్టపోయాడు. ఏటా 50,000 టన్నులు కొనే ఒప్పందం 2021లో కుదిరింది. మన రైతుకు గిట్టుబాటు ధర కోరే మనము, ఆ రైతునూ తలచుకోవాలి.

నీరు, పలు రకాల పంటలు, నిండుగా ఉన్న గాదె: ఈ మూడూ కలిస్తేనే ఆహార భద్రత. వీటిలో గాదె విలువ పంట బాగా పండిన ఏడు ఎవరికీ కనబడదు. అమ్మేయాలన్న ఆలోచన పుట్టేదీ ఆ ఏడే. మన ప్రాంతంలోనూ గోదాములు నిండి ఉన్నప్పుడు, ఆ ధాన్యం భారం కాదనీ, పేదవాని రేపటి అన్నమనీ అధికారులకు గుర్తుచేయవలసినవారము మనమే.