కుర్చీల్లో గురువులు, చాప మీద బ్యాచ్

సంక్రాంతి సెలవుల్లోనో వేసవిలోనో మన ఊళ్లలో ఏ హైస్కూలు గేటు చూసినా ఒక ఫ్లెక్సీ వేలాడుతుంటుంది. ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచ్ ఆత్మీయ సమ్మేళనం. ఒకే రంగు టీషర్టులు, డీజే, డ్రోన్ కెమెరా, మధ్యాహ్నం బిర్యానీ. మధ్యలో ఓ పావుగంట గురుసన్మానం: శాలువా, మెమెంటో, గ్రూప్ ఫొటో. ఎనభై ఏళ్ల లెక్కల మాస్టారు మైకు అందుకుని గొంతు సవరించుకునేసరికి నిర్వాహకుల్లో ఒకరు వాచీ చూసుకుంటారు.

బర్మాలోని (నేటి మయన్మార్) యాంగోన్‌లో, అంటే ఒకప్పటి రంగూన్‌లో, ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ పాత విద్యార్థులు కలుసుకోవడానికి ముహూర్తమే గురువులకు మొక్కే రోజు. దాన్ని ‘సయా గడో ప్వే’ అంటారు, కాస్త గంభీరంగా పిలవాలనుకుంటే పాళీలో ఆచార్యపూజ. వానలు తెరిపిచ్చి అక్టోబరులో తడింజుట్ దీపాల పండుగ వచ్చిందంటే ఇక చలికాలం పొడుగునా స్కూలు హాళ్లలో, హోటళ్లలో ఈ సందడే. వేదిక మీద వరసగా కుర్చీలు. వాటిలో రిటైరైన సయాలు, సయామాలు, అంటే మాస్టార్లు, టీచరమ్మలు. నడవలేనివాళ్లను చక్రాల కుర్చీల్లో తెస్తారు. కింద పరిచిన చాపల మీద బ్యాచ్ మొత్తం మోకాళ్లు మడిచి కూర్చుంటుంది. డాక్టరైనా, ఓడ మీద ఇంజినీరైనా, సింగపూర్ నుంచి సెలవు పెట్టి వచ్చినవారైనా చేతులు జోడించి, నుదురు నేలకు ఆనించి మూడుసార్లు మొక్కాల్సిందే. కొన్ని బ్యాచ్‌లు బడి యూనిఫాం, తెల్ల చొక్కా ఆకుపచ్చ లుంగీ, ఆ వయసులో మళ్లీ కట్టుకుని వస్తాయి. పొట్ట దగ్గర ఇబ్బందే, అయినా వస్తాయి. తర్వాత ఒక్కొక్క గురువుకూ కవర్లో డబ్బు, మందులు, లుంగీల జత. గురువుల తరఫున ఒకరు హితవు చెబుతారు. అది ఎంతసేపు సాగినా వినాలి. ఆఖరున డాన్‌బౌక్ వడ్డిస్తారు, మన బిర్యానీకి వరసకు చుట్టమే.

బర్మా బౌద్ధులు బుద్ధుడు, ధర్మం, సంఘం, తల్లిదండ్రులు, గురువులు అని అయిదింటిని ఒకే వరసలో పూజ్యంగా చెప్పుకుంటారు. కాబట్టి మొక్కడం వాళ్లకు కొత్త కాదు. కానీ పదో తరగతి బ్యాచ్ అన్న బంధానికి అంత పట్టు రావడానికి మతం ఒక్కటే కారణం కాదు. కాలేజీలు లేకుండా పోవడం కూడా కారణమే.

1962 మార్చిలో జనరల్ నే విన్ అధికారం లాక్కున్నాడు. ఆ జులై 7న రంగూన్ యూనివర్సిటీలో సైన్యం విద్యార్థులపై కాల్పులు జరిపింది, మర్నాడు తెల్లవారకముందే విద్యార్థి సంఘం భవనాన్ని డైనమైట్‌తో పేల్చేసింది. 1988లో సైనిక పాలనపై జనం తిరగబడ్డాక యూనివర్సిటీలు మూశారు. 1991లో తెరిచి అదే ఏడాది మళ్లీ మూశారు. 1996 డిసెంబరు విద్యార్థుల ఆందోళనల తర్వాత చాలావాటికి 2000 దాకా తాళాలే. పదో తరగతితో బడి ముగించిన పిల్లలు ఏళ్ల తరబడి ఇళ్లలో కూర్చున్నారు. ఈలోగా ప్రభుత్వం దూరవిద్య యూనివర్సిటీ పెట్టింది, నగరానికి దూరంగా పొలాల మధ్య కొత్త క్యాంపస్‌లు కట్టింది. పిల్లలు ఒకచోట గుమిగూడకూడదన్నదే అసలు ఉద్దేశం. యాంగోన్ యూనివర్సిటీలో డిగ్రీ విద్యార్థులను మళ్లీ చేర్చుకున్నది 2013 డిసెంబరులోనే. హాస్టల్ గది, క్యాంటీన్ బాకీ, క్యాంపస్ చెట్టు కింద కబుర్లు, ఇవేవీ లేకుండానే కొన్ని తరాలు పట్టభద్రులయ్యాయి. అందరూ ఒక గదిలో కూర్చున్న ఆఖరి జ్ఞాపకం వాళ్లకు బడిదే.

మన దగ్గర పిల్లల్ని చెదరగొట్టే పని ఏ జనరలూ చెయ్యలేదు, ర్యాంకులు చేశాయి. పది దాటగానే పిల్లల్ని కార్పొరేట్ కాలేజీల సెక్షన్లలోకి మార్కుల వారీగా విడదీస్తారు. అందుకే ఇంటర్ బ్యాచ్ సమ్మేళనం ఫ్లెక్సీ ఎక్కడో గాని కనపడదు. రైతు కొడుకూ టీచరు కూతురూ ఒకే బెంచీల వరసలో కూర్చున్న చోటు పదో తరగతే.

బర్మాలోనూ ఆ మెట్టు దగ్గర ఏడుపులు, నవ్వులు మన లాంటివే. మార్చిలో మెట్రిక్ పరీక్ష. దానికి ముందు తరగతిలో ‘ఆటో’ పుస్తకాలు చేతులు మారతాయి. ఆటోగ్రాఫ్ అన్న మాటనే అలా కురచ చేసుకున్నారు. మన స్లామ్ బుక్ అనుకోవచ్చు: ఫొటో, ఇష్టమైన పాట, పెద్దయ్యాక ఏమవుతావు. ఫలితాల రోజు స్కూలు గోడకు బోర్డు కడితే వాడవాడంతా వచ్చి నంబర్లు వెతుక్కుంటుంది. మధ్యాహ్నం విప్పిన క్యారేజీల్లో గోంగూర వేపుడు తరచూ ఉంటుంది. వాళ్లు చిన్‌బౌంగ్ అంటారు, రొయ్యలతో వేపుతారు.

గోంగూరతో ఆగని బంధుత్వం ఇది. రంగూన్‌ను ఉత్తరాంధ్ర ‘రంగం’ అంది. కోరంగి రేవు పేరు మీదుగా బర్మావాళ్లు తెలుగు కూలీలను ‘కోరంగీలు’ అన్నారు. 1931 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. 1964లో నే విన్ దుకాణాలు జాతీయం చేశాక లక్షల మంది వెనక్కి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు వెలిసింది అలాగే. చదువు మధ్యలో ఓడెక్కిన ఆ పిల్లలకు ఆటో పుస్తకం రాయించుకునే వ్యవధి దొరికి ఉండదు. ఆ మరుసటి ఏడాది మిషనరీ బడులూ ప్రభుత్వపరమయ్యాయి. రంగూన్‌లో 1860లో పుట్టిన సెయింట్ పాల్స్ బడి బొటటౌంగ్ ఆరో నంబరు ప్రభుత్వ హైస్కూలయింది. పేరు పోయినా పాత విద్యార్థులు ఆ పేరుతోనే దేశదేశాల్లో కలుస్తూ వచ్చారు.

ఈ మొక్కుల సంస్కృతిలో లోపం లేదని కాదు. గురువు దైవమైన చోట ప్రశ్నకు జాగా తక్కువ. బర్మా చదువు బట్టీ చదువన్న విమర్శ అక్కడివాళ్లదే. అయినా ఆ టీచర్లే 2021 ఫిబ్రవరిలో సైనిక తిరుగుబాటుకు ఎదురు తిరిగారు. ఉద్యోగాలకు వెళ్లకుండా సహాయ నిరాకరణ చేశారు. ఆ మే నెలకల్లా సస్పెండైన బడి టీచర్లు లక్షా పాతిక వేలకు పైనే అని ఉపాధ్యాయ సంఘం లెక్క. పిల్లలూ బడి మానేశారు. 2020లో మెట్రిక్ రాసినవారు తొమ్మిది లక్షలకు పైన, 2022లో దాదాపు అందులో మూడో వంతు. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ అమల్లోకి తెచ్చాక 18 దాటిన కుర్రాళ్లు థాయ్‌లాండ్ దారి పట్టారు. ఆ బ్యాచ్‌లు పదేళ్ల తర్వాత సయా గడో ప్వే చేస్తే కుర్చీల్లో ఎవరిని కూర్చోబెడతాయి? సమ్మెకెళ్లి జీతం పోగొట్టుకున్న సయామానా, బడిలోనే ఉండిపోయిన సయానా? ఇద్దరినీ పిలిచే గుండె ఉండాలి.

మన బ్యాచ్‌లకు అలాంటి సంకటం లేదు. అయినా గురువు ఎలా బతుకుతున్నారో కనుక్కునే బ్యాచ్‌లు తక్కువ. ప్రభుత్వ బడి మాస్టారికి పింఛనుంది, చాలామంది ప్రైవేటు టీచర్లకు అదీ లేదు. కరోనా కాలంలో బడులు మూతబడితే వాళ్లు కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనికి వెళ్లారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంటే దరఖాస్తు పెట్టుకున్నారు.

మోకాళ్ల మీద వంగాలని ఎవరూ అడగడం లేదు. యాంగోన్ పద్ధతిలో నేర్చుకోదగ్గది కవరు. దాన్ని ఒక్కరోజు లాంఛనంగా వదిలేయకుండా బ్యాచ్ పేరున బ్యాంకులో కొంత మొత్తం వేసి, వచ్చే వడ్డీతో టీచర్ల కంటి ఆపరేషన్లకూ బీపీ మాత్రలకూ సర్దొచ్చు. ముందు వాళ్లు ఎక్కడున్నారో వెతకాలి. బడి రిజిస్టర్లో పిల్లల పేర్లుంటాయి గాని రిటైరైన టీచర్ల ఇప్పటి చిరునామా ఉండదు. బదిలీల మీద నాలుగు మండలాలు తిరిగినవాళ్లు, కొడుకు దగ్గర హైదరాబాద్‌లో ఉంటున్నవాళ్లు, ఫోన్ నంబరు మారినవాళ్లు. ఈ పనికి నెల రోజులైనా పడుతుంది కనుక వాట్సాప్ గ్రూపులో టీషర్టు రంగు మీద చర్చ కంటే ముందే మొదలెట్టడం మంచిది.