చీటీ మీద రాసిన మాటలు

తల్లీకూతుళ్ల గురించి మాట్లాడేటప్పుడు మనకు ప్రేమ మాటలే ముందు వస్తాయి. పెత్తనం ఊసు వస్తే గొంతు తగ్గిస్తాం. పిల్లలు ఎక్కడున్నదీ ఫోనులో చూసుకునే ఈ రోజుల్లో ఆ ఊసు గట్టిగానే ఎత్తాలని ఈ సంచిక తలపెట్టాం.

విక్టోరియా రాణి చిన్నప్పుడు అమ్మ గదిలోనే పడుకోవాలి. ఎవరో ఒకరి చేయి పట్టుకోనిదే మెట్లు దిగకూడదు. 1837లో, పద్దెనిమిదేళ్లకు రాణి కాగానే తన మంచాన్ని ఆ గదిలోంచి తీయించింది.

అంత ఉక్కపోత ఎరిగిన మనిషి తన కడగొట్టు కూతురు బియాట్రిస్‌ను ఎలా పెంచింది? 1861లో భర్త పోయాక ఆ పిల్లనే ఊతకర్ర చేసుకుంది. 1884లో బియాట్రిస్ పెళ్లి చేసుకుంటానంటే నెలల తరబడి మాటలు మానేసింది. ఒకే బల్ల దగ్గర ఫలహారం చేస్తూ, చెప్పాల్సింది చీటీ మీద రాసి కూతురి వైపు తోసేది! దంపతులు తన దగ్గరే ఉండాలన్న షరతు మీద చివరికి ఒప్పుకుంది.

1901లో తల్లి పోయాక ఆమె దినచర్యను బియాట్రిసే తిరగరాసింది. తగదనిపించినవి వదిలేసి, అసలు ప్రతులు కాల్చేసింది. అలా 111 సంపుటాలు. అది తల్లి అప్పగించిన పనే. అందులో విధేయత ఎంతో, విడుదల ఎంతో మేమింకా తేల్చుకోలేదు.

ఈ సంచికలోని రచనలన్నీ ఆ ఫలహారపు బల్ల దగ్గరే కూర్చున్నట్టుంటాయి. తల్లిని రాక్షసిని చేయవు, కూతురి నొప్పిని సర్దిపుచ్చవు. విక్టోరియా కూడా తన తల్లి పోయాక ఆమె కాగితాలు తిరగేసి, ఆవిడ తనను ఎంత ప్రేమించిందో అప్పుడు తెలుసుకుని కుమిలిపోయింది.

మీ ఇంటి చీటీల సంగతులు మాకు రాయండి. పేరు పెట్టక్కర్లేదు.