నీళ్ల కులం – 6: వంగతోట దిగువన బోరింగు

గత భాగం చదివి ఒక పెద్దమనిషి ఇన్‌బాక్సులో అడిగారు: "ఎరువుకి కూడా కులం అంటగడతారా మేడమ్?" ఎరువుకి లేదండీ. పల్లానికి ఉంది.

ఉంగుటూరు నుంచి నూజివీడు వైపు పోతుంటే అందరికీ మామిడితోటలే కనిపిస్తాయి. నాకు మధ్యలో వంగ, టమాటా, మిరప మళ్లు కనిపిస్తాయి. మా అమ్మ ఆ మళ్లల్లో కూలికెళ్లింది కాబట్టి. గమేళా నడుముకి ఆనించుకుని యూరియా పిడికిలితో జల్లుకుంటూ పోయేది. సాయంత్రానికి వేళ్ల సందులు మండేవి, అన్నం కలుపుకోలేకపోయేది. మా ఇంట్లోకి చెంచా నాగరికత అలా వచ్చింది లెండి.

యూరియా బస్తా 45 కిలోలు. నత్రజని 46 శాతం, అంటే దాదాపు 21 కిలోలు. అందులో చాలా భాగం మొక్కకి అందదు. కొంత గాలిలో పోతుంది, కొంత నైట్రేటుగా మారి నీళ్లతో భూమిలోకి దిగుతుంది. కూరగాయల వేర్లు పైపైనే ఉంటాయి, తడులెక్కువ, కోత కోతకీ మళ్లీ ఎరువు. భాస్వరం మాత్రం మట్టిని పట్టుకుని వానకి కొట్టుకుపోతుంది. రామిలేరు, తమ్మిలేరు, బుడమేరు దాన్ని కొల్లేరుకి మోస్తాయి. అక్కడ గుర్రపుడెక్క పెరిగిన పాపం చేలదొక్కటే కాదు, చేపల చెరువులదీ, పట్నాల మురుగుదీ. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కిన కొల్లేరు కోసం మాట్లాడేవాళ్లున్నారు, మంచిదే. దారిలో ఉన్న పల్లె బోరింగు కోసం ఎవరు మాట్లాడతారు?

నైట్రేటుకి రంగు లేదు, వాసన లేదు. మన దేశ ప్రమాణం లీటరుకి 45 మిల్లీగ్రాములు. అంతకు మించిన నీళ్లతో డబ్బాపాలు కలిపి పడితే ఆరు నెలల్లోపు బిడ్డ నెత్తురు ఆక్సిజన్ మోయలేదు, ఒళ్లు నీలబడుతుంది. "కాచి తాగండి" అంటారు. కాస్తే క్రిములు చస్తాయి, నీళ్లు ఇగిరి నైట్రేటు ఇంకా చిక్కబడుతుంది.

1985 జూలైలో కారంచేడు ఎక్కడ మొదలైందో గుర్తుందా? మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్లు కడగొద్దన్నచోట. ఆ మురికి కంటికి కనిపించింది, కాబట్టి అడ్డుకున్నారు. ఇది కనిపించదు. ఎవర్నని అడ్డుకోవాలి?

తప్పంతా కౌలు రైతుదంటే నేనొప్పుకోను. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. వచ్చే ఏడు ఆ చేను తనకి ఉంటుందో లేదో తెలియనివాడు మట్టి పరీక్ష చేయించుకుని, పశువుల పెంట తోలి నేలని బాగుచేసుకుంటాడా? 2019 చట్టం కింద సాగుదారు కార్డుకి కూడా యజమాని సంతకమే కావాలి. చవగ్గా దొరికేది యూరియా, దిగుబడి పోతుందన్న భయంతో ఇంకో బస్తా వేస్తాడు. విడతలుగా కొద్దికొద్దిగా వెయ్యమని, డ్రిప్పు పెట్టుకోమని చెప్పే సలహాలు సరైనవే. ముందు అతని పేరు మీద కాగితం ఉండాలి కదా.

నేను అడిగేది చిన్నది. ప్రతి దళితవాడ బోరింగుకీ వానల ముందూ వానల తర్వాతా నైట్రేటు పరీక్ష చేసి, ఆ అంకె బోరింగు దిమ్మ మీద పెయింటుతో రాయాలి.

ఈ ఆదివారం మా పల్లె బోరింగు నీళ్లు రెండు సీసాల్లో పట్టి ల్యాబుకి పంపుతున్నాం. ఎంతొచ్చినా వచ్చే భాగంలో పెడతాను.

జై భీమ్.