టార్క్ కన్వర్టర్ పునర్వినియోగం: వైఫల్య కారణమే ప్రమాణం

సేద్యపు కుంటల తవ్వకం, కాలువల పూడికతీత వంటి పనులలో బ్యాక్‌హో లోడర్ల వినియోగం గ్రామాలలో సర్వసాధారణమైంది. ట్రాక్టర్లలో అధికభాగం పొడి క్లచ్‌తో పనిచేయగా, ఈ యంత్రాలలో సాధారణంగా ఇంజనుకు, గేర్‌బాక్సుకు మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. గేర్‌బాక్సును విప్పి బాగుచేసినప్పుడు పాత కన్వర్టర్‌నే తిరిగి బిగించడం పొదుపుగా తోచవచ్చు. అయితే అది పైరూపాన్ని చూసి తీసుకోదగిన నిర్ణయం కాదు.

కన్వర్టర్‌లోని ఇంపెల్లర్, టర్బైన్, స్టేటర్ నూనెలో పనిచేస్తాయి. వెల్డింగ్‌తో మూసివేసిన కన్వర్టర్‌ను కోయనిదే లోపలి స్థితిని పరిశీలించడం సాధ్యం కాదు. క్లచ్ పలకలు కాలినా, బేరింగులు చితికినా ఆ రజను నూనెతోపాటు రెక్కల మధ్యకు చేరుతుంది. నూనె మార్చినంత మాత్రాన అది పూర్తిగా తొలగదు. కొత్తగా అమర్చిన క్లచ్‌లను, వాల్వులను మళ్లీ దెబ్బతీస్తుంది.

కావున మొదట తేల్చవలసినది వైఫల్యానికి కారణం. సీలు కారడం వల్లనే గేర్‌బాక్సును విప్పి ఉండి, నూనె శుభ్రంగా, హబ్ గీతలు లేకుండా ఉండి, స్టేటర్ ఒక దిశలో తిరిగి రెండో దిశలో బిగుసుకుంటే పునర్వినియోగం సమంజసమే. నూనెలో లోహపు రజను గాని, మాడిన వాసన గాని ఉంటే కన్వర్టర్‌ను మార్చాలి; లేదా కోసి, శుభ్రపరచి, తిరిగి బ్యాలెన్స్ చేయగల నిపుణులకు అప్పగించాలి. ఆయిల్ కూలరునూ శుభ్రపరచాలి.

రెండోసారి విప్పితే యజమానికి మరమ్మతు ఖర్చు, రైతుకు తొలకరి ముందరి పనిదినాలు నష్టమవుతాయి. అందుచేత యంత్ర నిర్వహణ శిక్షణలో విడిభాగాల ధరతోపాటు వైఫల్య విశ్లేషణకూ స్థానం కల్పించడం అవసరం.